మా ముందట మరాఠీ

అరవింద్‌కి ఒక చెడ్డ అలవాటు ఉంది. మెడలో ఐడీ కార్డు పడితే చాలు, గొంతు మారిపోతుంది.

కార్డు లేనప్పుడు మంచివాడే. కోరుట్లలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీష్ చెప్తాడు. పిల్లలు నవ్వితే తనూ నవ్వుతాడు. అరువడిగితే లేదనడు. కానీ ఆ ఏడు జగిత్యాలలో ఒక ట్రస్టు వాళ్లు కొత్త పని పెట్టుకున్నారు. ఇంటర్ పాసైన పిల్లల్లో రెండు, అంతకన్నా ఎక్కువ భాషలు చదవడం, రాయడం, మాట్లాడడం బాగా వచ్చినవాళ్లను పరీక్షించి, సభ పెట్టి, పతకం ఇవ్వాలని. జనం దానికి రెండు భాషల పతకం అని పేరు పెట్టారు. పరీక్షల బాధ్యత అరవింద్‌కి అప్పగించి, మెడలో కార్డు వేశారు. ఇక చూడండి.

పేర్లు ఇచ్చే రోజు తొలకరి వాన పడుతోంది. సిరిసిల్ల బస్సు దిగి ఒక అమ్మాయి, వెనక భయం భయంగా ఒక స్టూడెంట్, హాల్లోకి వచ్చారు. ముందున్న అమ్మాయి గొడుగు దులిపింది. ఆ నీళ్లన్నీ వెళ్లి అరవింద్ ఇస్త్రీ షర్టు మీద పడ్డాయి.

"అయ్యో, సారీ సర్."

"పర్వాలేదు మేడమ్. చెప్పండి."

"నా పేరు నీల. సిరిసిల్లల కాలేజీల మ్యాథ్స్ చెప్త. ఈమె మా స్టూడెంట్ ప్రవళిక. తెలుగు, మరాఠీ రాస్తది."

అరవింద్ నవ్వాడు. కార్డు వేసుకున్న నవ్వు. "ఇంగ్లీష్ ఉన్నది, హిందీ ఉన్నది, ఉర్దూ ఉన్నది. మరాఠీ ఎవలకస్తది మేడమ్ మన దిక్కు?"

"సిరిసిల్లల ఏ గల్లీలనన్న నిలవడి అడుగుండ్రి సర్. మహారాష్ట్రల భీవండి మగ్గాల కాడ పుట్టి పెరిగి వచ్చినోళ్లు ఇంటింటికి ఉంటరు. ఈ పిల్ల పదో తరగతి దాంక అక్కడి మరాఠీ బడిలనే చదివింది."

ఇద్దరి మధ్య మాట పెరుగుతుందేమోనని ప్రవళిక బెదిరిపోయింది. "వద్దు మేడమ్, హిందీ రాస్త తియ్యుండ్రి," అని వెనక్కి జరిగింది.

నీల ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. "ఘాబరూ నకోస్," అని మొదలుపెట్టి మరాఠీలో గబగబా ఏదో చెప్పింది. ప్రవళిక మొహం విచ్చుకుంది. ఇద్దరూ అరవింద్ వైపు చూసి, మళ్లీ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు.

తడిసిన షర్టుతో నిలబడ్డ మగవాడికి కోపం రావడానికి ఇంతకన్నా ఏం కావాలి. "మేడమ్, మా ముందట మాకు తెలువని భాషల మాట్లాడద్దు," అన్నాడు గట్టిగా. "ఏదన్న ఉంటే తెలుగుల మాట్లాడుండ్రి."

నీల నవ్వు ఆగిపోయింది. తలెత్తి అతని వెనక కట్టిన బ్యానర్ చూసింది. 'ఎన్ని భాషలు వస్తే అంత గొప్ప' అని అక్షరాలు ఇంతింత లావున ఉన్నాయి. తర్వాత అతని ఐడీ కార్డు మీది పేరు చదివింది.

"అరవింద్ గారు, ముందు గా బ్యానర్ దింపుండ్రి," అంది నిమ్మళంగా. ప్రవళిక పేరు, మరాఠీ అన్న మాట రాయించి, గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

అరవింద్ ఆ బ్యానర్ వైపు చూడకుండానే మిగతా పేర్లు రాసుకున్నాడు.

సాయంత్రం గొల్లపల్లిలో ఇంటికి చేరి, తల్లి వెంకటవ్వకి ఈ సంగతి చెప్పాడు. ఆవిడ మెచ్చుకుంది.

"మంచిగన్నవ్ కొడుకా. మన ముందట నిలవడి మనకు తెలువని మాటలేంది? మనల్నే అనుకుంటరు."

అప్పుడు తెలిసింది అరవింద్‌కి, ఆ మాట తన నోటికి ఎక్కడి నుంచి వచ్చిందో. ఇంట్లో ఉండగా ప్రిన్సిపాల్ ఫోన్ వచ్చి నాలుగు ముక్కలు ఇంగ్లీష్‌లో మాట్లాడితే చాలు, "నన్నే తిడుతున్నవారా?" అంటుంది వెంకటవ్వ. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. ఇవాళ తను అన్నాక గానీ అది ఎంత చేదుగా ఉంటుందో తెలియలేదు.

తండ్రి లచ్చయ్య గోడకి ఆనుకుని కూర్చుని ఏమీ అనలేదు. తాటిచెట్లెక్కి కల్లు గీసే పని మాని మస్కట్ పోయి, ఏళ్లకేళ్లు చేసి వచ్చిన మనిషి. అక్కడి సంగతులు ఎవరు అడిగినా "ఏముంటది, పని" అంటాడు.

మర్నాడు అరవింద్ సిరిసిల్లకి ఫోన్ చేశాడు.

"మేడమ్, నేను జగిత్యాల అరవింద్‌ను. సారీ చెప్దామని."

"నాకెందుకు సర్ సారీ? ప్రవళికకు ఎగ్జామినర్‌ను తెండ్రి. గదే సారీ."

"మీరే ఉండచ్చు కదా?"

"నా స్టూడెంట్‌ను నేనే ఎట్ల పరీక్షిస్త? రూల్ రాసింది మీరే."

"మరి ఇంకెవలు దొరుకుతరు?"

"ధర్మపురికి ఎన్నడన్న పోయిండ్రా?"

"మా ఇంటి దేవుడు నర్సింహస్వామే మేడమ్. ఏడాదికి రెండుసార్లు పోతం."

"పోతే ఏం జూస్తున్నరు? మహారాష్ట్ర నుంచి గోదావరి స్నానానికి అచ్చినోళ్లతోని అక్కడి పంతుళ్లు ఏ భాషల మాట్లాడుతరు?"

అరవింద్‌కి అప్పుడు తట్టింది. చిన్నప్పటి నుంచీ ఆ రేవులో ఆ మాటలు వింటూనే ఉన్నాడు. అది మరాఠీ అని ఎప్పుడూ అనుకోలేదు.

ఆదివారం ఇద్దరూ జగిత్యాలలో కలుసుకుని ధర్మపురి బస్సెక్కారు. సీటు ఒక్కటే దొరికింది. "మీరు కూసోండ్రి" అంటే "మీరు కూసోండ్రి" అనుకుంటూ ఉండగా ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. ఇద్దరూ నవ్వుకుని, నిలబడే ప్రయాణం చేశారు.

ఆ ప్రయాణంలోనే అరవింద్ పని అయిపోయింది. కారణం కళ్లు, కాటుక, వాన చినుకులు అని రాస్తే బాగుంటుంది గానీ, నిజం అది కాదు. కారణం ఆమె మాట. కండక్టర్‌తో చిల్లర గురించి మన తెలుగులో సరదాగా గొడవపడింది. కోరుట్ల నుంచి వస్తున్న ఒక ముసలి బీబీ కిటికీ మూయలేక అవస్థ పడుతుంటే ఉర్దూలో పలకరించి, రేకు లాగి మూసి, ఆవిడ మనవరాలి పెళ్లి సంగతి దాకా తెలుసుకుంది. ధర్మపురిలో పంతులుగారి అరుగు మీద కూర్చుని మరాఠీ ఎత్తుకునేసరికి, ఆ పెద్దాయన తువ్వాలు సర్దుకుని, లోపలికి కేకేసి కాఫీ తెప్పించాడు. ఏ భాషలో మాట్లాడినా అవతలి మనిషి తన ఇంట్లో తను ఉన్నట్టు అయిపోతున్నాడు. ఇంత గొప్ప పని ఇంత తేలిగ్గా చేసేవాళ్లని అరవింద్ అంతవరకు చూడలేదు. ఒక్క మరాఠీ ముక్క అర్థం కాకపోయినా, రెండు గంటలు కదలకుండా విన్నాడు.

"మా నాయనకు యాత్రికులే గురువులు, నాకు మా నాయన," అన్నాడు పంతులుగారు తెలుగులోకి దిగి. "సంత నుంచి శాస్త్రం దాంక మరాఠీల చదువుత, రాస్త. పిల్లను పరీక్ష జేసుడు నాకు సంతోషమే."

తిరుగు బస్సులో సీట్లు దొరికాయి. అద్దం మీద వాన కారుతోంది. అరవింద్ మెల్లగా అడిగాడు.

"గా రోజు నా మాటకు మీ మొకం అట్లెందుకయ్యింది? కోపం కాదది. నేను చూసిన."

నీల కిటికీ వైపు తిరిగింది. "మా ఆజీ, అంటే మా నాయనమ్మ, చిన్నప్పుడే మా వాళ్లు భీవండి పోయిండ్రు. మూడు తరాలు. మా ఇంట్ల నవ్వినా ఏడ్సినా మరాఠీలనే. సిరిసిల్లకు మర్లివచ్చినంక మా అక్క రాధికను ఇచ్చినం. మంచి ఇల్లే, తిండికి బట్టకు లోటు లేదు. కని అక్క ఫోన్ల అమ్మతోని మరాఠీ మాట్లాడితే వాళ్లత్తకు అనుమానం. చాడీలు చెప్తున్నదేమోనని. 'మా ముందట మాకు తెలిసే భాషల మాట్లాడు' అన్నది."

"అయితే?"

"అయితే ఏముంది. అక్క తెలుగుల మాట్లాడుతది. తిన్నవా అంటది, తిన్న అంటది అమ్మ. మంచిదా అంటది, మంచిదే అంటది. ఇగ మాట సాగది. ఫోన్ పెట్టేసినంక అమ్మ చాన సేపు గా ఫోన్‌నే చూస్తది."

అరవింద్ తల దించుకున్నాడు.

"గట్లాంటి ఇంటికి నేను పోను సర్," అంది నీల. "పెండ్లి కాకున్నా మంచిదే."

జగిత్యాల వచ్చింది. ఇద్దరూ దిగారు. ఆ రోజు నుంచి అరవింద్ మెడలో కార్డు జేబులోకి మారింది.

పరీక్ష రోజు ప్రవళిక అదరగొట్టింది. పంతులుగారు బయటికి వచ్చి, "నాకే రెండు కొత్త మాటలు నేర్పింది," అని చెప్పి మురిసిపోయాడు.

సభకి హాలు నిండిపోయింది. అరవింద్ ఒక చిన్న మార్పు చేశాడు. పతకం తీసుకున్న ప్రతి ఒక్కరూ మైకు దగ్గరికి వచ్చి మొదట ఇంట్లో అమ్మతో మాట్లాడే భాషలో మాట్లాడాలి, తర్వాతే రెండోది. కోరుట్ల అమ్మాయి ఉర్దూలో మొదలుపెడితే, చివరి వరసలో బీడీలు చుట్టే చేతులతో వాళ్లమ్మ చప్పట్లు కొట్టి, ఒక్కతే కొట్టానని సిగ్గుపడింది. వెంటనే హాలంతా కొట్టింది. కొడిమ్యాల అబ్బాయి తెలుగులో తన ఊరి మాటలే మాట్లాడి, అదే కథని ఇంగ్లీష్‌లో చెప్పాడు. రెంటిలోనూ నవ్వించాడు.

ప్రవళిక మరాఠీలో మాట్లాడింది. సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడులో పెరిగిన పిల్లలకి గొంతు పెద్దదని, అందుకే మైకు దూరంగా పెట్టుకున్నానని తర్వాత తెలుగులో చెప్పింది. సిరిసిల్ల వాళ్లు కూర్చున్న వైపు నుంచి ఈలలు లేచాయి. అక్కడ నీల పక్కన వాళ్లమ్మ, ఆ పక్కన రాధిక ఉన్నారు. రాధిక వాళ్లమ్మ చెవిలో మరాఠీలో ఏదో చెప్తూ నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది.

చివర్లో మైకు తీసుకున్నాడు. "మొదటి రోజు నేను ఒకరిని నా ముందట వాళ్ల భాష మాట్లాడద్దన్న. తప్పు. గా బ్యానర్ కింద నిలవడే అర్హత నాకు ఇయ్యాల్నే అచ్చింది," అన్నాడు. వెనక్కి తిరిగి బ్యానర్‌కి దండం పెట్టాడు. అందరూ నవ్వారు. నీల నవ్వలేదు. అతన్నే చూస్తూ ఉండిపోయింది.

సభ అయ్యాక బస్టాండ్ దగ్గర చాయ్ తాగుతున్నారు. వాన మళ్లీ పట్టుకుంది. రేకుల కింద నిలబడితే సగం భుజం తడుస్తోంది.

"నీల గారు, ఒక మాట చెప్పాలె."

"ఏ భాషల?"

"గదే ఆలోచిస్తున్న. ఇంగ్లీష్‌ల చెప్తే క్లాస్ చెప్పినట్టుంటది. తెలుగుల చెప్తే భయమైతది."

"అయితే చెప్పకుండ్రి."

"నువ్వంటే నాకు మస్తు ఇష్టం," అన్నాడు గబుక్కున, తెలుగులోనే. "నువ్వు మాట్లాడుతుంటే ఇనుడు ఇంకా ఇష్టం. సమజైతే మంచిది, కాకున్నా మంచిదే."

నీల గ్లాసు దించింది. బుగ్గలు ఎర్రబడ్డాయి గానీ గొంతు స్థిరంగానే ఉంది.

"నాక్కూడా నువ్విష్టమే. కని నేను కాపురం చేసేది ఒక్క నీతోని కాదు కదా. మీ అమ్మ ఎట్లాంటి మనిషి?"

అరవింద్ అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. "గా మాట నాకు నేర్పిందే మా అవ్వ," అన్నాడు.

నీల దించిన గ్లాసు మళ్లీ ఎత్తి, మిగిలిన చాయ్ తాగేసింది.

"సరే," అంది నీల చివరికి. "మీ వాళ్లను తోలుకొని రా. మా ఇంట్ల చుట్టాలచ్చినప్పుడు పెద్దోళ్లు సలహా మరాఠీలనే చేసుకుంటరు. గది మా ఇంటి పద్ధతి. మీ కోసం ఆపరు. మీ అమ్మకు నువ్వు ముందుగాల ఏం చెప్పద్దు. అక్కడ కూడ నోరు విప్పద్దు. ఆమె ఏమంటదో నేను నా చెవులతోని ఇనాలె."

"వద్దంటే?"

"వద్దన్నట్టే."

అతని మొహం చూసి ఆమెకి జాలేసింది. "ఘాబరూ నకోస్," అంది మెత్తగా. భయపడకు అంటోందని ఈసారి అతనికి అర్థమైంది.

ఆదివారం వచ్చింది. గొల్లపల్లి నుంచి సిరిసిల్ల దాకా అరవింద్ బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. "పిలగానికి జరమొచ్చిందా?" అని వెంకటవ్వ రెండుసార్లు నుదురు పట్టి చూసింది. అమ్మాయి మంచిదని, చదువుకున్నదని మాత్రమే చెప్పాడు. ఇచ్చిన మాట తప్పలేదు.

నీల వాళ్ల ఇంటి పక్కనే సాంచెల షెడ్డు. టకటకమని చప్పుడు ఆగదు. మంచం మీద ఆజీ సత్యవ్వ కూర్చుని ఉంది. తెల్లటి జుట్టు, చురుకైన కళ్లు. నీల చాయ్ తెచ్చి అందరికీ ఇచ్చింది. వెంకటవ్వ అమ్మాయిని తేరిపార చూసి, తృప్తిగా సాసర్‌లో చాయ్ పోసుకుంది.

అప్పుడు సత్యవ్వ నీలని దగ్గరికి పిలిచి మరాఠీలో మొదలుపెట్టింది. చిన్నగా కాదు, మామూలు గొంతుతోనే. చాలాసేపు మాట్లాడింది. నీల మరాఠీలోనే జవాబు చెప్పింది.

వెంకటవ్వ చేతిలో సాసర్ నోటి దాకా వెళ్లి ఆగింది.

"ఏమంటున్నది ముసలమ్మ?"

నీల వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ చీర అంచు మస్తున్నదట," అంది నీల. "పిలగాడు బక్కగున్నడట."

"గింతేనా? చానసేపు మాట్లాడింది కద."

"ఇంకోటన్నది." నీల ఆవిడ కళ్లలోకి చూసింది. "ఈమె గట్టి మనిషి లెక్క కనవడుతున్నది, మన పిల్ల నోరు కట్టేస్తదేమో అన్నది. నాకూ గదే భయమని చెప్పిన."

సాసర్ కింద పెట్టేసింది వెంకటవ్వ. "చూసినవా," అంది మొగుడి వైపు తిరిగి. "నేనెప్పుడనేదే. మనకు తెలువని భాషల మనల్నే అనుకుంటరు. లే, పోదాం."

అరవింద్ కళ్లు మూసుకున్నాడు. అయిపోయింది అనుకున్నాడు.

"జర ఆగు," అన్నాడు లచ్చయ్య.

ఆ ఇంట్లోకి వచ్చాక ఆయన అన్న మొదటి మాట అది. వెంకటవ్వ ఆశ్చర్యపోయి ఆగింది.

"మస్కట్‌ల మా ఫోర్‌మన్‌కు మన భాష రాదు. మేమందరం ఈ దిక్కోళ్లమే. మాట్లాడుకుంటుంటే తననే తిడుతున్నమని అనుమానం. పనికాడ తెలుగు బంద్ అన్నడు." చేతుల వైపు చూసుకుంటూ చెప్పాడు. "పొద్దంత నోరు మూసుకొని చేసుడే. నువ్వు ఫోన్ల అడుగుతుంటివి కద, ఏం మాట్లాడవు, నా మీద ఏం కోపమని. కోపం కాదు. పొద్దంత మూసిన నోరు పొద్దుమీకి తెరుస్తమన్నా మాట రాకపోయేది."

పక్క షెడ్డులో సాంచెలు ఆడుతూనే ఉన్నాయి. వెంకటవ్వ చాలాసేపు ఆయన్నే చూసింది. అన్నేళ్లూ తను ఇటు వైపు ఆ ఫోన్ పట్టుకుని ఏడ్చింది, నా మొగుడు నాకు పరాయివాడయ్యాడని.

"ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాల్నో తెలువలే."

వెంకటవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. లేచింది. అందరూ తలుపు వైపు వెళ్తుందనుకున్నారు. వెళ్లి సత్యవ్వ మంచం మీద, ఆవిడ పక్కనే కూర్చుంది.

"నువ్వన్నది నిజమే అవ్వా. నాది గట్టి నోరే. కని నీ మనవరాలి నోరు కట్టెయ్య. దినాం మీతోని మీ భాషల్నే మాట్లాడుకోనిస్త. నన్ను తిట్టినా సరే." ఒక్క క్షణం ఆగి వేలు చూపించింది. "తిట్టిన దినం మాత్రం గిప్పుడు చెప్పినట్టే తెలుగుల నాకు చెప్పాలె. నేను గూడ తిడుత."

సత్యవ్వ బోసినోటితో నవ్వింది. అరవింద్‌కి ఇక ఆగలేదు. నోరు విప్పనని మాట ఇచ్చిన సంగతి మరిచిపోయి, నెల రోజులుగా దాచుకున్న వాక్యం బయటపెట్టాడు. "మలా మరాఠీ శికాయచీ ఆహే."

"నేర్సుకుంటె నేర్సుకో బిడ్డా, ఎవలొద్దన్నరు," అంది సత్యవ్వ మంచి తెలుగులో. "ముందుగాల జర తిను. బక్కగున్నవ్."

గది మొత్తం నవ్వింది. ఆ నవ్వుల్లో వెంకటవ్వ ముసలావిడ చెవి దగ్గరికి వంగింది.

"అవ్వా, మరాఠీల కోడల్ని ఏమంటరు?"

"సూన్ అంటరు."

"సూన్." వెంకటవ్వ ఒకసారి లోపల అనుకుంది, ఒకసారి పైకి అంది. తర్వాత తన సాసర్, కప్పు తీసి నీల వైపు చాపింది.

"ఇగో సూన్, నా చాయ్ సల్లారిపోయింది. ఇంకింత తెస్తవా?"

నీలకి నాలుగు భాషలు వచ్చు. ఆ నిమిషంలో ఒక్కదానిలోనూ మాట దొరకలేదు. కప్పు అందుకుని, కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి నడిచింది.